కాదన్న ఉత్తరమే చివరి మాట కాదు

అమెరికాలో రోడ్లు, వంతెనలు, విమానాశ్రయాల పనుల్లో చిన్నాచితకా కాంట్రాక్టులు చేసుకునే కంపెనీలకు ఇప్పుడు గడ్డుకాలం నడుస్తోంది. 2025 అక్టోబర్ 3న ఆ దేశ రవాణా శాఖ ఒక మధ్యంతర నియమాన్ని ప్రకటించి, ఆ రోజు నుంచే అమలులో పెట్టింది. అంతవరకు ‘డీబీఈ’ అనే సర్టిఫికెట్ కోసం దరఖాస్తు చేసే నల్లజాతివారిని, హిస్పానిక్‌లను, ఆదివాసులను, మనతో సహా ఆసియావారిని, ఏ జాతివారైనా సరే స్త్రీలను, సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడినవారిగా చట్టం ముందే భావించేది. కాదని ఎవరైనా నిరూపిస్తే తప్ప ఆ భావన నిలిచేది. కొత్త నియమం దాన్ని తీసేసింది. ఇకనుంచి ఎవరి నష్టాన్ని వారే, సంఘటనలతో, లెక్కలతో, కాగితాలతో రుజువు చేసుకోవాలి. ఇప్పటికే సర్టిఫికెట్ చేతిలో ఉన్నవారిని కూడా ప్రతి రాష్ట్రం మళ్లీ మొదటినుంచి పరిశీలించాలి.

డాలస్, న్యూజెర్సీ, చికాగో, అట్లాంటా చుట్టుపక్కల తెలుగు సంఘాల్లో ఇలాంటి వ్యాపారాలు చేసుకునే కుటుంబాలు ఉన్నాయి. ఇంజనీరింగ్ డిజైన్, సర్వే, కంప్యూటర్ సేవలు, సిబ్బంది సరఫరా, భవనాల శుభ్రత, రవాణా వంటి పనులు వారివి. కొందరికి ‘మీ దరఖాస్తును తిరస్కరించాం’ అనే ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరాన్ని ఏం చేయాలన్నదే ఈ వారం మన విషయం. ఇక్కడ ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు కూడా ఇది పరాయి సంగతి కాదు. ఆ వ్యాపారాల్లో పెట్టిన సొమ్ములో ఇక్కడి పొలం అమ్మిన డబ్బు కలిసి ఉండవచ్చు.

ఇది ఎక్కడినుంచి వచ్చింది

ఈ సర్టిఫికెట్ దానం కాదు. 1983 జనవరిలో అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన రవాణా చట్టం, కేంద్ర రహదారి నిధుల్లో కనీసం 10 శాతం వెనుకబడినవారి చిన్న సంస్థలకు చేరాలన్నది. 1987లో స్త్రీలను అందులో చేర్చారు. సర్టిఫికెట్ ఉన్నంతమాత్రాన పని రాదు. పెద్ద కాంట్రాక్టర్ తన పనిలో కొంత వాటాను ఇలాంటి సంస్థలకు ఇవ్వాల్సి ఉంటుంది కాబట్టి, లోపలికి వెళ్లి ధర చెప్పే అవకాశం మాత్రం వస్తుంది.

భారతీయులు ఈ జాబితాలోకి వాటంతట అవే తెరుచుకున్న తలుపుల గుండా రాలేదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయుడు తెల్లవాడు కాడు కనుక పౌరసత్వానికి అర్హుడు కాడని తీర్పు ఇచ్చింది. 1980 జనాభా లెక్కల్లో గానీ మనవారికి విడిగా ఒక గడి దొరకలేదు. 1982లో, ప్రవాస భారతీయుల సంఘం పెట్టిన అర్జీ మీద, చిన్న వ్యాపారాల సంస్థ అయిన ఎస్‌బీఏ తన ‘8(ఎ)’ పథకంలో భారతీయులను సామాజికంగా వెనుకబడినవారిగా గుర్తించింది. అర్జీ పెట్టుకోవడం, కాదంటే మళ్లీ అడగడం మనవారికి అక్కడ కొత్త కాదు.

ఇప్పటి మార్పుకు కోర్టులు దారి వేశాయి. 2023 జూన్‌లో హార్వర్డ్ ప్రవేశాల కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జూలైలో టెనెసీలోని ఒక ఫెడరల్ కోర్టు, 8(ఎ) పథకంలో జాతిని బట్టి ముందే వెనుకబడినవారిగా భావించడం కుదరదన్నది. 2024 సెప్టెంబర్‌లో కెంటకీ కోర్టు డీబీఈ విషయంలో, కేసు వేసిన కంపెనీల మేరకు, అదే దారిలో తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. 2025 మేలో కేంద్ర ప్రభుత్వమే ఆ భావన రాజ్యాంగ విరుద్ధమని ఒప్పుకుంది. అక్టోబర్ నియమం ఆ వరుసలో చివరిది.

రెండు రకాల ‘కాదు’

అప్పీలు సంగతి మాట్లాడుకునే ముందు ఒక తేడా గుర్తించాలి. ఒక సంస్థకు అర్హత లేదని చెప్పడం వేరు. పథకమే మారిపోవడం వేరు. 2025 చివర్లో టెక్సాస్ రాష్ట్రం తన ‘హబ్’ పథకం నుంచి స్త్రీలను, మైనారిటీలను తీసేసి, సైనిక సేవలో వైకల్యం పొందినవారికే దాన్ని పరిమితం చేసింది. అక్కడ సర్టిఫికెట్ పోగొట్టుకున్న తెలుగు సోదరి చేసిన తప్పేమీ లేదు, ఆమె కాగితాల్లో లోపమూ లేదు. ఆమె అప్పీలు చేసుకుని సాధించేది కూడా ఏమీ లేదు. ఆ నిర్ణయాన్ని ఎదిరించే చోటు కోర్టు, శాసనసభ, ఓటు. కనుక ఉత్తరం రాగానే మొదట చూడాల్సింది ఇదే: వద్దన్నది నన్నా, నా కాగితాలనా, నాలాంటివారందరినా?

మన కాగితాలనే కాదన్నట్టయితే దారి ఉంది. ఆ దారికి గడువు కూడా ఉంది.

డీబీఈ తిరస్కరణ మీద రవాణా శాఖకు అప్పీలు చేసుకోవడానికి 45 రోజులు ఉంటాయి. ఈ లెక్క ఉత్తరం మీద వేసిన తేదీ నుంచి మొదలవుతుంది. ఉత్తరం మన చేతికి ఆలస్యంగా వచ్చినా, ఈమెయిల్ చూసుకోకపోయినా ఆ తేదీ కదలదు. 2024 సవరణకు ముందు 90 రోజులు ఉండేవి. ఆ పాత లెక్క చెప్పే సలహాదారులను నమ్ముకుంటే గడువు దాటిపోతుంది. ఎస్‌బీఏ 8(ఎ) తిరస్కరణ మీద ఆ సంస్థలోని విచారణల, అప్పీళ్ల కార్యాలయానికి వెళ్లడానికి కూడా 45 రోజులే. రాష్ట్రాలు, నగరాలు, ప్రైవేటు ధ్రువీకరణ సంస్థలు నడిపే పథకాలకు ఎవరి నియమం వారిది. ఇప్పుడు జరుగుతున్న పునఃపరిశీలనలో సర్టిఫికెట్ పోయినవారు తమ ఉత్తరంలో ఏ గడువు, ఏ చిరునామా రాసి ఉన్నాయో వాటినే ప్రమాణంగా తీసుకోవాలి. పక్క రాష్ట్రంలోని బంధువు అనుభవం ఇక్కడ పనికిరాదు.

పాత కాగితాల మీదే తీర్పు

చాలామంది పొరపడేది ఇక్కడే. అప్పీలు అంటే కొత్తగా మరోసారి చెప్పుకోవడం అనుకుంటారు. రవాణా శాఖ అప్పీలులో మళ్లీ ఇంటర్వ్యూ ఉండదు, సాక్షులు ఉండరు, కొత్త కాగితాలు చూడరు. రాష్ట్ర అధికారి ముందు ఆ రోజున ఏ ఫైలు ఉందో ఆ ఫైలే పైకి వెళ్తుంది. అతని నిర్ణయానికి ఫైలులో సరిపడా ఆధారం ఉందా, అతను నియమాల ప్రకారం నడుచుకున్నాడా అన్న రెండు ప్రశ్నలే పైవారు వేస్తారు. 8(ఎ) విషయంలోనూ న్యాయమూర్తి చూసేది నిర్ణయం ఇష్టానుసారంగా ఉందా, చట్టానికి విరుద్ధమా అన్నదే.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలుతాయి. మొదటిది, అప్పీలులో కన్నీళ్లకు చోటు తక్కువ. ‘మేం ఎంతో కష్టపడ్డాం, దయచూడండి’ అని నాలుగు పేజీలు రాసినా ఫలితం ఉండదు. ‘మీరు ఫలానా కారణం చెప్పారు. మా ఫైలులోని ఫలానా కాగితం దానికి భిన్నంగా ఉంది. ఫలానా నియమం ఇలా చెబుతోంది, మీ అధికారి దాన్ని చూడలేదు’ అని ఒక్కో కారణానికి ఒక్కో జవాబు రాయాలి. ఉత్తరంలో నాలుగు కారణాలుంటే నాలుగింటికీ జవాబు ఉండాలి. మూడింటిలో గెలిచి ఒకటి వదిలేస్తే, ఆ ఒక్కటే తిరస్కరణను నిలబెట్టగలదు.

రెండోది, అప్పీలు పని దరఖాస్తు రోజునే మొదలవుతుంది. ఆ రోజు జతచేయని బ్యాంకు స్టేట్‌మెంట్‌ను తరువాత పైవారికి చూపించలేం. అధికారి ఆఫీసుకు వచ్చి ప్రశ్నలు అడిగినప్పుడు తడబడి చెప్పిన జవాబు కూడా ఫైలులో చేరుతుంది. నిర్ణయం రాకముందే అధికారి ఒక లోపాన్ని ఎత్తి చూపితే, దాన్ని అప్పుడే నిజాయితీగా సరిదిద్దుకోవడం అప్పీలు కంటే సులువు.

కొన్నిసార్లు అప్పీలు కంటే మళ్లీ దరఖాస్తు చేసుకోవడమే మేలు. నిజంగానే ఫైలులో లోపం ఉంటే, అధికారి చెప్పింది సబబే అయితే, అప్పీలు మీద కాలం, వకీలు ఫీజు ఖర్చు చేయడం దండగ. డీబీఈలో మళ్లీ దరఖాస్తుకు 12 నెలల వరకు ఆగాల్సి రావచ్చు. అప్పీలు వేసినంతమాత్రాన ఆ కాలం పెరగదు, కాబట్టి రెండు దారులూ కలిపి ఆలోచించుకోవచ్చు. 8(ఎ)లో 90 రోజుల తరువాత మళ్లీ అడగవచ్చు.

ఎందుకు కాదంటారు

ఈ పథకాలన్నింటికీ సాధారణంగా ఒకే పునాది: సంస్థలో కనీసం 51 శాతం అర్హత గల వ్యక్తిది కావాలి, సంస్థ నడక కూడా ఆ వ్యక్తి చేతిలోనే ఉండాలి. మొదటి సగం కాగితం మీద చూపించడం తేలిక. తిరస్కరణలు ఎక్కువగా వచ్చేది రెండో సగంలో.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒక కుటుంబంలో భర్త సివిల్ ఇంజనీర్. కంపెనీ భార్య పేరు మీద ఉంది, 51 శాతం ఆమెది, 49 శాతం ఆయనది. ఆమె ఒక ఆసుపత్రిలో పూర్తికాల ఉద్యోగం చేస్తోంది. పెట్టుబడి ఇద్దరి ఉమ్మడి ఖాతా నుంచి వచ్చింది. టెండరు ధర ఆయన వేస్తాడు, జీతం ఆమెకంటే ఎక్కువ తీసుకుంటాడు. కంపెనీ ఒప్పందంలో ‘ముఖ్య నిర్ణయాలకు భాగస్వాములందరి సమ్మతి కావాలి’ అని ఒక వాక్యం ఉంది. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా పత్రంలో ఉన్న వాక్యాన్ని అలాగే వదిలేశారు. అధికారి అడుగుతాడు: ఆయన వద్దంటే ఆమె ఏదైనా చేయగలదా? పనిలో తప్పు జరిగితే ఆమె గుర్తించగలదా? పగలంతా ఆసుపత్రిలో ఉంటే సైటు దగ్గర ఎవరుంటారు? ఆ డబ్బులో ఆమె వంతు ఏది? టెక్సాస్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో పెళ్లి తరువాత సంపాదన సాధారణంగా ఇద్దరికీ చెందుతుంది గనుక చివరి ప్రశ్న మరీ చిక్కుగా ఉంటుంది.

ఇవి అవమానించే ప్రశ్నలుగా అనిపించవచ్చు. మన ఇళ్లలో భార్యాభర్తలు కలిసి చేసేదాన్ని ఎవరిది ఎంత అని విడదీయడం మనకు అలవాటు లేదు. అయినా వాటికి జవాబు చెప్పలేకపోతే తప్పు అధికారిది కాదు.

ఆమె నిజంగా నడుపుతున్న వ్యాపారానికి ఇవే ప్రశ్నలు మేలు చేస్తాయి. ఆమె బ్యాంకుతో రాసిన ఉత్తరాలు, ఆమె సంతకం చేసిన టెండర్లు, ఆమె నియమించిన సిబ్బంది, ఆమె పొందిన శిక్షణ, అన్నీ ఫైలులో ఉంటాయి. అంత ఉండి కూడా ‘భర్త ఇంజనీరు కాబట్టి ఆయనే నడుపుతున్నాడు’ అని అధికారి ఊహించి రాస్తే, అది ఫైలు కాదన్న మాట. అలాంటి తిరస్కరణ మీద అప్పీలు చేయాలి. చేయకపోతే ఆ ఊహే రేపు మరో సోదరి ఫైలు మీదకు వస్తుంది.

బినామీ మాట

ఇక్కడ సంఘాల్లో గట్టిగా మాట్లాడుకోవాల్సిన విషయం ఒకటి ఉంది. ‘భార్య పేరు మీద పెడితే పనులు సులువుగా వస్తాయి’ అన్న సలహా మనవారి మధ్య చాలా తేలిగ్గా చేతులు మారుతుంది. ఊళ్లో దాన్ని బినామీ అంటాం. అమెరికాలో దాని పేరు మోసం. కేంద్ర ప్రభుత్వానికి తెలిసి అబద్ధపు ప్రకటన ఇస్తే ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. కనెక్టికట్‌లోని మరికినా అనే చిన్న సంస్థ డీబీఈ పేరు అరువిచ్చి, పెన్సిల్వేనియాలోని ఒక పెద్ద సంస్థ అసలు పనులన్నీ చేసి లాభం తీసుకున్న కేసు అందరికీ తెలిసిందే. 1993 నుంచి 2008 వరకు సాగిన ఆ వ్యవహారం విలువ 13 కోట్ల 60 లక్షల డాలర్లు. బాధ్యులు జైలుకు వెళ్లారు. పేరు అరువిచ్చినవారు కూడా నేరస్థులే అయ్యారు.

బినామీ వల్ల నష్టపోయేది ప్రభుత్వం ఒక్కటే కాదు. వంటింట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని నిజంగా కంపెనీ నడుపుతున్న స్త్రీని కూడా అధికారి అనుమానంతో చూడడానికి కారణం ఆ ముందు చూసిన నాలుగు దొంగ ఫైళ్లే. కనుక అప్పీలు చేసే హక్కు గురించి మాట్లాడే సంఘం, అప్పీలు చేయకూడని ఫైలు గురించి కూడా మాట్లాడాలి. తిరస్కరణ న్యాయమైనదైతే ఒప్పుకుని, సర్టిఫికెట్ లేకుండానే పోటీ పడడం మర్యాద.

మన కథ ఎలా చెప్పాలి

కొత్త నియమంలో అసలు కష్టం వ్యక్తిగత కథనం. యజమాని తాను ఎదుర్కొన్న ఆర్థిక ఇబ్బందులను, అడ్డంకులను, చేజారిన అవకాశాలను సంఘటనల వారీగా రాయాలి. వాటివల్ల ఎంత ఆర్థిక నష్టం జరిగిందో, తనలాంటి ఇతరులతో పోలిస్తే తాను ఎక్కడ వెనుకబడ్డాడో చూపాలి. జాతి వల్ల, స్త్రీ అయినందువల్ల మాత్రమే అంటే చాలదు. ఆస్తి వివరాలు కూడా జతచేయాలి. డీబీఈలో ఉంటున్న ఇల్లు, ఆ కంపెనీలోని వాటా మినహా నికర ఆస్తి 20 లక్షల 47 వేల డాలర్లు దాటకూడదు. 8(ఎ)లో ఆ హద్దు 8 లక్షల 50 వేలు.

అమెరికాలో భారతీయ కుటుంబాల మధ్యస్థ వార్షికాదాయం లక్షన్నర డాలర్లకు అటూఇటూగా ఉంది. అన్ని జాతి సమూహాల్లో అది పైవరుసలో ఉంటుంది. ‘ఇంకా మీరు వెనుకబడినవారా’ అని అడిగితే తప్పుపట్టలేం. సమూహం పేరుతో కాకుండా మనిషిని మనిషిగా చూసి తేల్చడం ఒక విధంగా న్యాయమే. అయితే సగటు లెక్కలో కనబడని ఇళ్లు మన సంఘాల్లో ఉన్నాయి. భర్త చనిపోయాక అప్పులతో సహా దుకాణాన్ని నెత్తినేసుకున్న స్త్రీ ఉంటుంది. యాస వింటూనే ఫోను పెట్టేసే కొనుగోలుదారు ఉంటాడు. వారి నష్టం నిజమైనదే, కానీ ఏ రోజు, ఏ బ్యాంకు, ఎంత రుణం, ఏ వడ్డీ, ఏ ఉత్తరం అన్నది రాసిపెట్టుకోలేదు. మన పెంపకంలో కష్టం గురించి చెప్పుకోవడం చిన్నతనం. ఈ నియమం అడిగేది సరిగ్గా అదే.

దళిత నేపథ్యం నుంచి వెళ్లిన క్రైస్తవులకు మరో చిక్కు ఉంది. ఇక్కడ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల మతం మారితే ఎస్సీ హోదా పోతుంది. ఆంధ్ర, తెలంగాణల్లో వారిని బీసీ-సి కింద లెక్కిస్తారు. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లలో ఎస్సీ, ఎస్టీ చిన్న పరిశ్రమలకు కేటాయించిన 4 శాతం వారికి అందదు, స్త్రీలకు కేటాయించిన 3 శాతం మాత్రం అందుతుంది. అక్కడ 8(ఎ) నియమం, అమెరికా సమాజంలో జరిగిన వివక్షనే లెక్కిస్తామని, ఇతర దేశాల్లో జరిగినది లెక్కించమని చెబుతుంది. అంటే ఊరి చెరువు దగ్గర జరిగింది అక్కడి ఫైలులో పనికిరాదు. అదే కులం అమెరికా ఆఫీసులోకి, భారతీయుల మధ్యనే నడిచే సబ్‌కాంట్రాక్టుల్లోకి వెంట వచ్చి అవకాశం పోగొడితే, అది అమెరికాలో జరిగిన సంఘటనే. తేదీ, ఆధారం ఉంటే దాన్ని రాయడానికి సంకోచించనక్కరలేదు.

సంఘం చేయగలిగింది

మోషే కాలంలో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు, తమకు స్వాస్థ్యం లేదన్న ఆచారాన్ని ప్రత్యక్షపు గుడారపు ద్వారం దగ్గర అందరి ఎదుట ప్రశ్నించారు. వారు తిరుగుబాటు చేయలేదు, ఏడ్చి ఊరుకోనూ లేదు. తమ తండ్రి ఎవరో, ఏం జరిగిందో, తమకు ఏం కావాలో సూటిగా చెప్పారు. వారి మాట న్యాయమని తేలింది, ధర్మశాస్త్రంలోనే మార్పు వచ్చింది. మన బైబిలు పాఠాల్లో ఈ భాగం అరుదుగా వినబడుతుంది. అప్పీలు చేసుకోవడం అధికారాన్ని ధిక్కరించడం కాదని, అధికారం తన నియమాన్ని తానే పాటించాలని అడగడమని చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

సంఘాలు పెద్ద ఖర్చు లేకుండా చేయగల పనులున్నాయి. కాగితాలు చదవడం తెలిసిన ఇద్దరు విశ్వాసులు నెలకొక సాయంత్రం కూర్చుంటే చాలు. ఉత్తరం వచ్చినవారు దాన్ని తీసుకొస్తే తేదీ మీద గుర్తుపెట్టి 45వ రోజు ఏదో లెక్కకట్టాలి. కారణాలను ఒక్కొక్కటిగా విడదీసి, ఏది ఫైలుతో జవాబు చెప్పగలిగేదో, ఏది నిజంగా లోపమో వేరుచేయాలి. వకీలు అవసరమైన చోట వకీలు దగ్గరకు పంపాలి. చిన్న వ్యాపారులకు ప్రభుత్వ నిధులతో ఉచితంగా సలహా ఇచ్చే కేంద్రాలు దాదాపు ప్రతి రాష్ట్రంలో ఉన్నాయి. సర్టిఫికెట్ తప్పక ఇప్పిస్తామని ముందే వేల డాలర్లు అడిగేవారి దగ్గరకు పోకుండా వారి దగ్గరకు దారి చూపాలి. సర్టిఫికెట్ ఉన్నవారికి ఈ రోజునుంచే ఒక డైరీ రాయమని, ప్రతి తిరస్కరణ ఉత్తరాన్ని దాచమని చెప్పాలి.

అంతకంటే ముందు, ఉత్తరం వచ్చిన ఇంటి తలుపు తట్టాలి. తిరస్కరణ వచ్చినవారు ఆదివారం ఆరాధనకు వచ్చి వెనక వరుసలో కూర్చుని ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతారు. చెప్పేసరికి 50 రోజులు గడిచిపోతాయి. సిగ్గు వల్ల పోయే గడువును ఏ న్యాయమూర్తీ తిరిగి ఇవ్వడు. మీ సంఘంలో ఇలాంటి ఉత్తరం ఎవరికైనా వచ్చిందేమో ఈ వారమే అడిగి తెలుసుకోండి.